కొండమ్మాళ్ టీచర్ వేసిన బడితోటలు

కొండమ్మాళ్ టీచర్ ఇక లేరన్న వార్త నాకు మదురై బస్టాండులో తెలిసింది. ఆమె దగ్గరికే ఆండిపట్టి బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ఆమె అడిగిన పొట్ల విత్తనాల సంచి. ఫోనులో ఆమె తమ్ముడి కొడుకు "అక్కా, అత్త పోయిండాది" అని ఆగిపోయాడు. ముందురోజు సాయంత్రమే మాట్లాడారామె. తోట వేయాల్సిన కొత్త బడికి ఏ రోజు పోవాలో ఖాయం చేసి, "నువ్వు టోపీ తెచ్చుకో, పోయినసారి మాదిరి నా కొంగులో దూరొద్దు" అని నవ్వారు. అంతటి సజీవ కంఠం అకస్మాత్తుగా మూగబోయిందంటే మనసు ఒప్పుకోలేదు. బస్సు వచ్చింది, నిండింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

మదురై శివార్లలో, తరతరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుకునే మా వీధుల నడుమ ఉన్న పాఠశాలలో ఆమె విజ్ఞానశాస్త్రం బోధించేవారు. నేను మొదట ఆమె శిష్యురాలిని, తర్వాత అదే బడిలో సహోద్యోగిని. ఆమె ఆండిపట్టి దగ్గర సేద్యగాళ్ల ఇంట పుట్టారు. "మా నైనకు మట్టి మీద అనుమానం లేదు, ఆకాశం మీదే" అనేవారు.

తోటకు బీజం పడింది మా తరగతిలోనే. వంకాయ ఎక్కడినించి వస్తాదని ఆమె అడిగితే, అందరం ఏకకంఠంతో "మాట్టుతావణినించి, టీచర్!" అన్నాం. కూరగాయల మార్కెట్టు అక్కడే మరి. ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, మర్నాడు పార భుజాన వేసుకుని బడికి వచ్చారు. బడి వెనక రాళ్లు, పగిలిన పెంకులు నిండిన నేల ఉండేది. మమ్మల్ని అక్కడికి నడిపించారు.

తవ్వకం మొదలైన వారంలోనే గొడవ వచ్చింది. నా పక్కన కూర్చునే స్టెల్లా వాళ్లమ్మ ఆరోగ్యమేరి కట్టడాల పనికి పోయే మనిషి. కూతురి అరచేతిలో బొబ్బ చూసి, పనిబట్టలతోనే బడికి వచ్చేసింది.

"టీచర్, నేను దినమూ ఇసుక మోస్తుండాను. నా బిడ్డ మోయకూడదనే పళ్ళికూడానికి పంపిస్తిని. మీరు దాని చేతికే మణ్వెట్టి ఇస్తారా?"

పళ్ళికూడం అంటే బడి, మణ్వెట్టి అంటే పార. ఆ రోజు టీచర్ సమాధానం చెప్పలేకపోతే తోట అక్కడితో ఆగిపోయేది. ఆమె తన చేతిలోని పార నేల మీద పెట్టారు.

"నీ కోపం న్యాయమే, మేరీ. కొందరు బిడ్డలే తవ్వితే అది కూలి. అందరూ తవ్వితే పాఠం. ఎవరెవరు తవ్వాలో నువ్వే చెప్పు."

మేరి చుట్టూ చూసింది. నీడలో తెల్లచొక్కా నలగకుండా నిలబడిన జవుళి దుకాణందారు కొడుకు కనిపించాడు.

"వాడు తవ్వాల. హెడ్మాస్టర్ సార్ కూడా తవ్వాల."

"ఆమా, అట్లే తవ్వుతారు" అన్నారు టీచర్, హెడ్మాస్టరును ఒక్క మాటైనా అడగకుండానే. వరండాలో ఉన్న ఆయన తన మెరిసే బూట్లను ఒకసారి చూసుకుని, విప్పేసి, పంచె ఎగగట్టి దిగారు. మేరి మొదట నోరు మూసుకుని నవ్వింది. తర్వాత ఆయన పార పట్టే తీరు చూడలేక, పక్కకు జరగమని తానే నాలుగు వేట్లు వేసి చూపించింది. నాటినుంచి టీచర్ ఏ బడిలో తోట వేసినా తొలి వేటు ప్రధానోపాధ్యాయులదే. ఆ తర్వాత ఏ ఇంటి పిల్లలకూ మినహాయింపు లేదు.

జవుళి దుకాణందారూ రాకపోలేదు. "మావాడి చొక్కా చూడండి టీచర్!" అని ఆక్రోశించాడు. "చూసినాను సార్. మీ బట్టలకడలో అట్లాంటివి ఇంకా ఉండాయి కదా" అన్నారామె అతి వినయంగా. ఆయన నవ్వాపుకోలేక వెళ్లిపోయాడు.

వంకాయలు కాశాక మరో విపత్తు. ఒక్కొక్క కాయకూ పేరు పెట్టుకున్నాం. మధ్యాహ్న భోజనం వండే రాణియక్క కోయడానికి వస్తే చెట్ల చుట్టూ చేయీ చేయీ పట్టుకుని నిలబడి ఏడ్చాం. అంతకుముందు సాంబారులో వంకాయ కనిపిస్తే కంచం అంచుకు తోసేవాళ్లం! టీచర్ మా దుఃఖాన్ని ఎగతాళి చేయలేదు. "చెట్టుకొక కాయను విత్తుకు వదిలేద్దాము. ఏది ఉండాలో మీరే పంచాయితీ చేసుకోండి. మిగతావి అన్నంలోకి" అన్నారు. పంచాయితీ ముగిసేసరికి ఆకలి మండిపోతోంది. ఆ రోజు సాంబారు చాలక రాణియక్క మళ్లీ పొయ్యి వెలిగించింది. వదిలిన కాయలు పసుపురంగుకు పండి, మరుసటి తరగతికి విత్తనాలయ్యాయి.

మొక్కల పక్కన పేరు పలకలు రెండు లిపుల్లోనూ ఉండాలని ఆమె పట్టుబట్టారు. మాలో ఎవరికీ తెలుగు రాయడం రాదు, ఆమెకు కూడా. ఒక పాత బాలశిక్ష సంపాదించి మాతోపాటే అక్షరాలు దిద్దారు. నా జీవితంలో నేను రాసిన తొలి తెలుగు మాట "గోంగూర". ఈ వ్యాసం రాయగలుగుతున్న చేతికి అదే అక్షరాభ్యాసం.

పదవీ విరమణ ఆమెకు విశ్రాంతి ఇవ్వలేదు. నారుమొక్కల తట్టలతో బస్సులెక్కి బడి బడికీ తిరిగారు. "ఈ చెట్లకు సీటు కావాల్నా టీచర్?" అని కండక్టరు పరిహాసమాడితే, "కిటికీ పక్క ఇయ్యి తంబి, వాటికి వెలుతురు కావాల" అన్నారు. అయితే ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "మే నెల సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?" ఒక పెద్ద బడివాళ్లు ఆమె ఫోటోతో బ్యానరు కట్టి స్వాగతం పలికారు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఇచ్చిన మజ్జిగ తాగి తిరిగొచ్చేశారు. ఇంకొక చిన్న బడిలో, గేటు ముందు పూలమ్ముకునే ముసలామె "నేను పోస్తాను, నాకు లీవు లేదు కదా" అంది. అక్కడే కూర్చుని పాదులు తీశారు.

ఆమె ఖాయం చేసిన రోజునే ఆమె పాత శిష్యులం కొందరం కొత్త బడికి వెళ్లాం. వాయిదా వేద్దామన్నవారు ఉన్నారు. ఆమె ఒప్పుకోరని నాకు తెలుసు. అక్కడి హెడ్మిస్ట్రెస్ చీర కొంగు నడుముకు చెక్కుకుని తొలి వేటు వేశారు. ఒక చిన్నపిల్ల వానపామును అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మిస్, దీనికి కండ్లు ఎక్కడుండాయి?"

కళ్లుండవనీ, వెలుతురును చర్మంతోనే గ్రహిస్తుందనీ చెప్పాను. పిల్లకు తృప్తి కలగలేదు.

"అయితే దీనికి నేను ఎవరని తెలిసేదెట్ల?"

 టీచర్ ఉంటే ఆ వానపామును తన చేతిలోకి తీసుకుని ఏదో ఒకటి అనేవారు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ మాట వాళ్లకు జన్మంతా గుర్తుండేది. ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు. ఆ జవాబు ఆమెతోనే వెళ్లిపోయింది. "తెలియదు కణ్ణా" అన్నాను. తడిమట్టి అంటిన చేతులతోనే ఆ మహనీయురాలికి నమస్కరించాను.