ఎదురుకాళ్లతో పుట్టినవాడి కుడికాలు

లోకంలో అందరూ తల ముందుపెట్టి పుడతారు. నేను కాళ్లు ముందుపెట్టి పుట్టాను. వీడికి తలతో పెద్దగా పని పడదని నా ఒంటికి అప్పుడే తెలిసినట్టుంది. ఐదో తరగతిలో బడి మానేసి అది నిజమని నేనే రుజువు చేశాను.

తలకు లేని పేరు మా ఊళ్లో నా కుడికాలికి ఉండేది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనుల్లో పని చేసుకుని బతికే ఊరు మాది. రాళ్లెత్తి నడుము పట్టేసినవాళ్లు ఆదివారం పొద్దున మా ఇంటి ముందుకొచ్చి బోర్లా పడుకునేవాళ్లు. ఎదురుకాళ్లతో పుట్టినవాడు నడుం మీద మూడుసార్లు కాలు మోపితే పట్టు వదులుతుందని నమ్మకం. అప్పటికి నాకు ఏడేళ్లు. ఎక్కం రాలేదని నన్ను బాదిన మా అయ్యవారు కూడా ఒకసారి వచ్చి పడుకున్నారు. ఆయనకు మాత్రం మూడు కాదు, నాలుగు పడ్డాయి. లెక్కలు సరిగా చెప్పనందుకు.

ఈ పనికి ఒకటే కట్టుబాటు. మూడోసారి మోపాక వెనక్కి తిరిగి చూడకుండా వాకిలి దాటాలి. ఎందుకని మా నాయనమ్మను, అంటే మా జేజిని, అడిగాను.

"ఎనక్కి సూస్తే నీ మొగమెట్లుంటాదో నొప్పికి తెలుస్తాది రా" అంది. బియ్యంలో రాళ్లేరుతూ, తల కూడా ఎత్తకుండా అంది.

మా ఇంటి పక్కన ఒక మామ ఉండేవాడు. గనిలో సమ్మెట కొట్టేవాడు. అందరూ నడుము అంటే ఆయన మాత్రం పిర్ర నుంచి చిటికెన వేలి దాకా చూపించేవాడు. "ఎంట్రుకంత తీగ లాగి కట్టినట్టుండాది రా అల్లుడా. ఆ తీగ మింద చీమలు ఒకదాని ఎనక ఒకటి దిగతాండాయి" అనేవాడు. ఒక ఆదివారం నేను మూడోసారి కాలు మోపి నడుస్తుంటే వెనక ఏదో నేలమీద రాసుకుంటున్న చప్పుడైంది. తిరిగి చూశాను.

మామ కదలకుండా పడుకుని ఉన్నాడు. చేతులు కదలడం లేదు, తల కదలడం లేదు. కుడి పాదం ఒక్కటే, తనకు వేరే మనిషి ఉన్నట్టు, నేలను మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది. నొక్కుతోంది, వదులుతోంది.

జేజికి చెప్పలేదు. మామ తర్వాత రాజంపేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడే పోయాడని చాలా ఏళ్లకు విన్నాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. కర్నూలు పక్కన కల్లూరులో షేర్ ఆటో తోలుతాను. పోయిన ఎండాకాలం కుడి పిర్రలో సూది దిగినట్టు మొదలైంది. నెల తిరిగేసరికి తొడ వెనక నుంచి పిక్కకు, పిక్క నుంచి చిటికెన వేలికి పాకింది. తుమ్మితే చాలు, కాలంతా మంట. ఆ తర్వాత అరికాలు మొద్దుబారింది. దాంతో అసలు భయం పట్టుకుంది. ఆటోకు బ్రేకు కుడికాలి కిందే ఉంటుంది.

ఒక మిట్టమధ్యాహ్నం ముగ్గురు ఆడవాళ్లను ఎక్కించుకుని కొత్త ఇళ్ల మధ్య రోడ్డు మీద పోతున్నాను. ఎదురుగా మనిషి లేడు, కుక్క లేదు. ఆటో ఊరికే ఆగుతోంది, కదులుతోంది. ఆగుతోంది, కదులుతోంది. "ఏమప్పా, బండి తోల్తాండావా, ఉయ్యాల ఊపుతాండావా?" అని వెనక నుంచి ఒకామె అరిచింది. వంగి చూశాను. నా చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. ఒట్టి పాదం బ్రేకును మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది. నేను నొక్కడం లేదు. ఆ పాదాన్ని అంతకుముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చి, అంత ఎండలోనూ నా వీపు చల్లబడింది.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఆటో తాళం తీసుకుని కొంగుకు కట్టుకుంది. "ఆ కాలు నీదయ్యేదాకా బండి ముట్టొద్దు. జనాన్ని సంపుతావా?" అంది.

నొప్పి ఎలా ఉందో చెప్పమన్నారు డాక్టరు. నోరు తెరిచాను. "ఎంట్రుకంత తీగ లాగి కట్టినట్టుండాది సార్. దాని మింద చీమలు దిగతాండాయి." ఆ మాటలు నేను వెతుక్కోలేదు. అవే వచ్చాయి. గొంతు కూడా నాది కాదేమోనని పక్కనున్న నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు.

వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ల జారి, కాలికి దిగే నరాన్ని నొక్కుతోందని స్కానింగ్ ఫోటో చూపించి చెప్పారు. మందులిచ్చి, వ్యాయామం నేర్పే ఆమె దగ్గరికి పంపారు. ఆమె చెప్పిన మొదటి మాట: "బోర్లా పడుకోండి." చిన్నప్పుడు ఊరందరినీ పడుకోబెట్టినవాణ్ని, ఇప్పుడు నా వంతు వచ్చింది. మోచేతుల మీద రొమ్ము ఎత్తాలి, దించాలి. ఎక్కువసేపు కూర్చోకూడదు. రోజూ నడవాలి. "తగ్గేటప్పుడు నొప్పి వేలి దగ్గర ముందు పోతుంది. పైకి, నడుము వైపు జరిగితే మంచిదే, భయపడొద్దు" అంది.

భయపడొద్దంటే ఎలా? వారం వారం అది ఎక్కడం నాకు తెలుస్తూనే ఉంది. వేలు వదిలింది, పిక్క వదిలింది, తొడ వదిలింది. ఎవరో మెట్లు దిగి వచ్చి, పని చూసుకుని, తిరిగి అవే మెట్లు ఎక్కిపోతున్నట్టుండేది. నొప్పి పోతున్నా అరికాలికి మాత్రం స్పర్శ ఇంకా రాలేదు. అడిగినవాళ్లందరితో "ఈ కాలు నాది కాదు, ఎవరిదో నా దగ్గరుంది" అని నవ్వుతూ చెప్పేవాణ్ని. నవ్వేది వాళ్లు. నేను నవ్వినట్టు కనబడేవాణ్ని.

ఒక మధ్యాహ్నం మా వీధి చివరి అవ్వ వచ్చింది. నా పుట్టుక సంగతి ఆమెకు ఎవరు చెప్పారో.

"నడుము పట్టుకున్యాది. కాలు పెట్టప్పా" అంది.

"వద్దవ్వా. ఇది నా కాలు కాదు. దీన్నుంచి నీకేమన్నా అంటుకుంటే?"

"డెబ్బై ఏండ్లు దాటినాయి. నాకు కొత్తగా అంటుకునేదేముండాది? పెట్టు." అంటూనే వరండాలో బోర్లా పడుకుంది.

గోడ పట్టుకుని, బరువు వేయకుండా పాదం ఆనించాను. ఒకసారి. ఏమీ తెలియలేదు. రెండోసారీ అంతే. మూడోసారి చీర గరుకు తెలిసింది. దాని కింద వేడి. దాని కింద ఎముక.

తిరిగి నడిచాను. వెనక నేలమీద ఏదో రాసుకుంటున్న చప్పుడు. మెల్లగా, ఆగి, మళ్లీ. మెడ తనంతట తానే తిరగబోతే గట్టిగా బిగబట్టుకున్నాను. వాకిలి దాటి నేరుగా ఆటోలో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టాను. రబ్బరు మీది గీతలు వేళ్లకు తగిలాయి. నొక్కితే నొక్కింది. వదిలితే వదిలింది. మళ్లీ నొక్కి, అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాలు కదల్లేదు.

అప్పుడు నా భార్య బయటికొచ్చి, నా మొహం చూసి, కొంగు ముడి విప్పింది.

తర్వాతి వారం అవ్వ నా ఆటోలోనే ఎక్కింది. నాకు హుషారు ఎక్కువై అడిగాను.

"ఏమవ్వా, నడుము తగ్గెనా?"

"యాడ తగ్గిండాది! ఆ కాలు నీది కాదంటివి కదప్పా, ఇప్పుడు నేను పోయి ఎవరిని తిట్టాల?"