పసుపు పెట్టిన స్టాండు

పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడికాలూ కుడిచేయీ నావి కావు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను, ఎవరో పట్టుకోమని ఇచ్చి వెళ్లిన సంచిలాగా. ఏడుపు రాదు. చిరాకు మాత్రం కాస్త మిగిలింది.

అంతకుముందు, మేం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో టూవూంబా ఊరి అవతల ఒక రైతు పొలానికి అడవి పందుల వేటకి వెళ్లేవాణ్ణి. జొన్నచేను కుమ్మి పారేస్తాయవి. తిరిగొస్తే మా ఆవిడ స్నానం చేస్తేగాని ఇంట్లోకి రానిచ్చేది కాదు.

ఆ రైతు నన్ను వదల్లేదు. నా చక్రాల కుర్చీకి తుపాకీ స్టాండు ఒకటి చేయించి బిగించాడు. ఎడమచేత్తో చిన్న పిడి తిప్పితే తుపాకీ అటూ ఇటూ తిరుగుతుంది. నోట్లో గొట్టం పెట్టుకుని గాలి పీలిస్తే ట్రిగ్గర్ పడుతుంది. నాకు కావలసింది పంది కాదు. చొక్కా గుండీ దగ్గర్నుంచి అన్నీ ఇంకొకరే చేస్తున్నారు. ఒక్క పనైనా మొదట్నుంచి చివరిదాకా నేనే చేయాలి. అంతే.

బయల్దేరే రోజు పొద్దున మా ఆవిడ పూజ పళ్లెంతో వచ్చింది.

"కొత్త వస్తువండీ. బొట్టు పెట్టకుండా ఎలా వాడతారు?"

"పందుల్ని చంపడానికే ఇది. మీ దేవుడికి చెప్పావా?"

"ఆయనకి నేను చెప్పుకుంటాలెండి. మీరు ఫైవ్ మినిట్స్ కామ్‌గా కూర్చోండి."

నా విసుగు కనబడకుండా కళ్లు మూసుకున్నాను. కొత్త కారుకి పెట్టినట్టే తడి పసుపు ధారాళంగా పట్టించింది.

పొలంలో రైతు తుపాకీ బిగించి పక్కనే కూర్చున్నాడు. గంట తర్వాత ఒక పంది గట్టు దాటి తీరిగ్గా వచ్చింది. పిడి తిప్పాను. తిరగలేదు. ఎండకి పసుపు ముద్ద స్టాండు కీలులో గట్టిపడి పట్టేసింది. రైతు చెయ్యి చాచాడు. వద్దని తల ఊపాను. పంది మావైపు ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. బాధైనా కలగాలి కదా, అదీ కలగలేదు.

రైతు తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టి, జేబుకత్తితో కీలు గీకసాగాడు.

"ఏంటి మేట్ ఇది, పెయింటా?"

"పసుపు. ఇంట్లోకి కొత్త పనిముట్టు ఏదొచ్చినా మా ఆవిడ పెడుతుంది."

"మరి అది?" అంటూ నా ఒడివైపు చూపించాడు.

చూశాను. నా కుడిచేతి అయిదు వేళ్లకీ పసుపు, చూపుడువేలి మీద కుంకుమ బొట్టు. ఎప్పుడు పెట్టిందో నాకు తెలియనే లేదు. పనికిరాదని నేను ఎప్పుడో వదిలేసిన చెయ్యి అది. ఎడమచేత్తో దాన్ని ఒళ్లోంచి ఎత్తి పట్టుకున్నాను. రైతు తల తిప్పుకుని కీలు గీకుతూనే ఉన్నాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది, "తగిలిందా?"

"పంది రాలేదు."

"నెక్స్ట్ వీక్ వస్తుందిలెండి. మళ్లీ బొట్టు పెడతాను."

"కీలు దగ్గర కాస్త తక్కువ పెట్టు," అన్నాను. "చేతికి పెట్టేటప్పుడు మాత్రం చెప్పు. చూస్తాను."