పాపకి రెండు జడలు

ఆక్యుపేషనల్ థెరపీ చదువు చివరి ఏడాదిలో పరిశోధన కోసం నన్ను ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ పంపించారు. దెబ్బ తగిలినవాళ్లు మళ్లీ రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో అడిగి రాసుకోవాలి. ఆ ఇనుప గనుల ఊరి ఆసుపత్రిలో చిన్న గది ఇచ్చారు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రదుమ్ము పేరుకునేది.

వచ్చేవాళ్లలో ఒక రైల్వే గ్యాంగ్‌మన్ ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. పట్టాల పక్క కంకర మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. నేను హిందీలో మొదలుపెడితే, "తెలుగులోనే అడగండమ్మా, మనోళ్లే కదా," అన్నాడు.

అన్నం కలుపుకోగలరా, చొక్కా బొత్తాలు పెట్టుకోగలరా అని ఫారంలో ఉన్నవన్నీ అడిగాను. అన్నిటికీ "పర్లేదమ్మా" అన్నాడు. చివరికి ఫారం పక్కన పెట్టేశాను.

"అన్నా, ఈ చేత్తో చెయ్యలేక మీకు బాధనిపిస్తున్న పని ఏది?"

ఎడం చేత్తో ఆ వేళ్లు నిమురుకున్నాడు. "మా పాపకి జడలమ్మా. దాని తల్లి క్యాంటీన్లో వంటకి తెల్లారకముందే ఎలిపోతాది. రెండు జడలూ నేనే ఏసి బడికి పంపేవోణ్ని. ఇప్పుడు పక్కింటామె ఏస్తంది. ఇలాటిది సెప్తే ఏటనుకుంటారో అని ఊరుకున్నాను."

ఆ సాయంత్రం బజారుకెళ్లి మూడు రంగుల రిబ్బన్లు కొన్నాను. వాటిని కుర్చీ వీపుకి కట్టి, మర్నాటి నుంచి అల్లించాను. బొటనవేలు వంగేది కాదు, రిబ్బను జారిపోయేది. నొప్పికి పళ్లు బిగపట్టేవాడు గానీ ఒక్కరోజూ మానలేదు. ఫారంలో లేని పనికి ఇంత సమయమా అంటారేమోనని భయపడుతూనే మా గైడు మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "నీ రిపోర్టులో అదే రాయి," అన్నారావిడ.

కొన్ని వారాల తర్వాత పాపని వెంటబెట్టుకొచ్చాడు. రెండో తరగతి పిల్ల. స్టూలు మీద కూర్చోబెట్టి, పాపిడి తీసి అల్లాడు. ఒక జడ బాగానే కుదిరింది. రెండోది వదులైపోయింది. పాప దాన్ని తడిమి చూసుకుంది.

"పక్కింటత్త గట్టిగా లాగేస్తాది నాన్నా. రేపట్నుంచి నువ్వే ఎయ్యి."

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను లేని పెన్ను కోసం సొరుగంతా వెతికాను.

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. కొత్త విద్యార్థుల్ని మొదటి వారం ఫారం లేకుండానే రోగుల దగ్గరికి పంపుతాను. ఏం మాట్లాడాలో తెలియక అవస్థ పడతారు. మొన్న ఒకమ్మాయి చెయ్యి దెబ్బతిన్న ఒకావిడని కలిసి తిరిగొచ్చి, "ఆవిడకి చేపలు తోమాలని ఉందట మేడమ్," అంది, అనుమానంగా. బజారుకెళ్లి రెండు చేపలు తెమ్మన్నాను.