పేరు కత్తిరించిన మాత్రలు

మా ఊరి మందుల షాపాయన చేతిలో ఎప్పుడూ చిన్న కత్తెర ఉండేది. మాత్రల షీటు మీద పేరున్న ముక్కను కత్తిరించి పారేసి, మిగతాదే పొట్లం కట్టేవాడు. మళ్ళీ తన దగ్గరికే రావాలని ఆ ఎత్తు. అడిగితే, "పేరుతో నీకేం పనమ్మా, తగ్గితే చాలుగా!" అనేవాడు.

మిరపకోతల్లో దగ్గుకు ఆ మాత్రలు మింగిన అమ్మ, గుండెదడతో కల్లంలోనే కూలిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో కరెంటు షాకిచ్చి బతికించారు. "మందు వల్లే గుండె ఇలా పరిగెత్తింది. ఏం వేసుకుందో పేరు చెప్పండి!" అని డాక్టరమ్మ అరిచింది. నా చేతిలో పేరులేని మాత్రలున్నాయి.

అప్పట్నుంచి రోజూ ఆ షాపు ముందు నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "పేరున్న షీటే అడగండి" అని గట్టిగా చెబుతున్నాను. బేరాలు పడిపోయాయి. నిన్న ఆయన దణ్ణం పెట్టి, "నీ కోపం ఎప్పుడు తగ్గుద్దమ్మా?" అన్నాడు.

"తగ్గే మందు మీ దగ్గర లేదండీ," అన్నాను.