నడుమ తారు, పక్కన మన్ను

బెంగుళూరు రోడ్ల మీద బండ్లకన్నా చెట్ల నీడలే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో, ఏ బండి రోడ్డులో ఏ భాగం మీద పోతోందో రాసిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. నేను ఆ ఉద్యోగమే చేశాను. యుద్ధం రోజులు. కంటోన్మెంటుకు పోయే పెద్ద రోడ్డుకు నడుమ తారు, రెండు పక్కలా మన్నుబాట ఉండేవి. తారంతా ఖాళీగా ఉన్నా జట్కాలూ ఎద్దులబండ్లూ మన్నులోనే ఎందుకు ఈడ్చుకుపోతాయో రోడ్ల ఆఫీసులో మా దొరకు అంతుపట్టలేదు. అందుకని ఇరవయ్యేళ్ళ నన్ను ఎడమ పక్క ఒక చెట్టు కింద నిలబెట్టారు. చేతిలో నోటుపుస్తకం, పేజీకి మూడు గళ్ళు: ఎడమ, నడుమ, కుడి. నెత్తిన ఒక ఖాకీ టోపీ కూడా ఇచ్చారు. (అది నా తలకు పెద్దది. వంగి రాస్తే కళ్ళ మీదికి దిగేది.)

రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒక జట్కా వచ్చేది. అందులో టీచరు ట్రైనింగుకు పోయే అమ్మాయి. పేటలో ఉండే ఒక మేష్టారి కూతురని వాకబు చేశాను. జట్కాలో వెనక్కి తిరిగి కూర్చుంటారు కదా, బండి నన్ను దాటాక కూడా మలుపు దాకా ఆమె ముఖం కనబడుతూనే ఉండేది. తారు అంత ఖాళీగా ఉన్నా ఆ బండి నాకు జానెడు దూరంలోనే పోయేది. ఒకరోజు నవ్వింది. (టోపీని చూసి కావచ్చు.) ఆ తరువాత గంటసేపు పోయిన బండ్లేవీ నా పుస్తకంలోకి ఎక్కలేదు. ఆమే చెప్పి బండిని ఈ పక్కకు తోలిస్తోందా? ఆ సంగతి తేల్చుకోకపోతే ముద్ద దిగేట్టు లేదు. ఒక సాయంకాలం ఖాళీ బండితో వస్తున్న ఆమె జట్కా తోలే తాతను ఆపి, లేని పెద్దరికం తెచ్చుకుని అడిగాను.

"ఏం తాతా, నడుమ అంత ఖాళీ ఉంటే ఈ పక్కనే ఎందుకు తోల్తావు?"

తాత గబగబా దిగి తలగుడ్డ తీశాడు. "తప్పైపోయిందప్పా! తారు మీద గుర్రానికి లాడాలు జారతాయని మన్నులో పోతా ఉండాను. సర్కారోళ్ళు వద్దంటే రేపట్నించి నడుమనే పోతాను."

"అది కాదు తాతా..." అనేలోపే బండెక్కి, నా కళ్ళముందే తారు మీదికి మళ్ళించాడు.

మరునాటి నుంచి ఆ జట్కా నడుమనే పోయింది. నడుమ గడిలో రోజుకొక గీత పెరిగినందుకు దొర సంతోషించాడు. నాకు మాత్రం అంత దూరాన ఆమె ముఖం కంటికి ఆనేది కాదు. నా నోటితో నేనే ఆమెను దూరం చేసుకున్నానని ఎంత బెంగపడ్డానో చెప్పలేను. వారం తరువాత మిలిటరీ లారీల వరసకు దారి ఇవ్వడానికి తాత బండిని మన్నులోకి దింపి, సరిగ్గా నా ముందర ఆపాడు.

"ఏమండీ, ఈ పక్క రావద్దని మీరే చెప్పినారంట?" అంది ఆమె. "నడుమన పోతే గుర్రం జారతా ఉండాది. నాకు బయమవుతాది. మళ్ళీ ఈ పక్కకే వస్తే ఏమన్నా అంటారా?"

రమ్మంటే చాలు. ఆ ఒక్క మాటా గొంతు దాకా వచ్చింది. తాత చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆమె ముందు చులకన కాకూడదని, "రూలండీ," అన్నాను.

"సరి," అంది. లారీలు పోయాయి, బండి కదిలింది. ఆమె ఈసారి నా వైపు చూడలేదు. మరునాటి నుంచి తాత వేరే దారిన, పూర్తిగా మన్నే ఉన్న సందుల్లోంచి ఆమెను తీసుకుపోయాడట. నేను మాత్రం ఇంకా రెండు నెలలు తొమ్మిదింటికి పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఒక్కోసారి చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. నేను చెప్పిన ఆ రూలు ఏ పుస్తకంలోనూ లేదు.