నేనే పెట్టిన కిటికీ

నాచారంలో నేను పనిచేసిన మొదటి కార్ఖానాలో పనిముట్ల గదికి ఒకే ఒక కిటికీ ఉండేది. మా అందరి దగ్గరా నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుండేవి. బిళ్ళ ఇస్తే స్టోర్‌కీపర్ దాన్ని మేకుకు తగిలించి, కావలసిన పనిముట్టు ఇచ్చేవాడు. పనిముట్టు తిరిగిస్తే బిళ్ళ తిరిగొచ్చేది. పద్ధతి మంచిదే, మనిషే మంచివాడు కాదు. చాయ్ తాగుతూ కిటికీ తలుపు మూసుకునేవాడు. లేత్ మిషను మీద ఇనుప ముక్క బిగించింది బిగించినట్టే ఉండేది, నేను బిళ్ళ పట్టుకుని నిలబడేవాణ్ణి. తలుపు తీశాక మళ్లీ విచారణ. "నిన్ననే తీస్కపోయినవ్ గదరా, మల్ల దేనికి?" ఒక డ్రిల్లు బిట్టుకు అంత సంజాయిషీ! నలభై ఏళ్లయినా ఆ కోపం నాలో చల్లారలేదు.

పదో తరగతి దాటనివాణ్ణి. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని కంప్యూటర్ నేర్చుకున్నాను. అలా అలా ఉప్పల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సర్వర్లు చూసే మనిషినయ్యాను. ప్రోగ్రాములు రాసేవాళ్లకు వాటిని పరీక్షించడానికి ఒక మెషీన్ కావాలి, ఒక డేటాబేస్ కావాలి. అవి ఇచ్చేది నేను. పెద్ద డిగ్రీలున్నవాళ్లు నా పక్క కుర్చీలో కూర్చుని, "అన్నా, జర ఒక మెషీన్ ఇయ్యరాదే" అని అడిగేవారు.

అరవై దాటాక కంపెనీ నన్ను కాంట్రాక్టు మీద ఉంచుకుని ఒక పని అప్పగించింది. టీములు ఎవరినీ అడగక్కర్లేకుండా, కావలసింది తెర మీద ఎంచుకుని బటన్ నొక్కితే మెషీన్ తయారుకావాలి. అలాంటి పోర్టల్ కట్టమన్నారు. నాతో ఒక అమ్మాయిని వేశారు. కాకినాడ వైపు పిల్ల, నన్ను బాబాయ్ అనేది. తెర మీద కనిపించేది ఆమె రాసింది, తెర వెనక నడిచేది నేను రాశాను. మొదటి రోజే ఆమెకు ఇత్తడి బిళ్ళల సంగతి చెప్పి, మనం కట్టేదానికి కిటికీ ఉండకూడదని బల్ల గుద్ది మరీ అన్నాను.

కట్టాం. కానీ టీములు నమ్మలేదు. నొక్కితే ఒకసారి నిమిషాల్లో వస్తుంది, ఒకసారి పూటంతా పడుతుంది అని వాళ్ల ఫిర్యాదు. అమ్మాయి వచ్చి కారణం అడిగితే నెట్‌వర్క్ మీదికి తోసేశాను.

అది అబద్ధం. మొదట్లో ఒక టీము పెద్ద మెషీన్ తీసుకుని వారాల తరబడి ఊరికే వదిలేసింది. అప్పుడు మండిపోయి, వెనక భాగంలో ఎవరికీ చెప్పకుండా ఒక మెట్టు పెట్టాను. ఎవరు బటన్ నొక్కినా నా ఫోను మోగుతుంది, నేను సరేనంటేనే మెషీన్ తయారవుతుంది. బస్సులో ఉన్నా, అన్నం ముందున్నా నొక్కేవాణ్ణి. స్నానంలో ఉంటే వాళ్లు ఆగాల్సిందే. అనుమానం వస్తే ఫోన్ చేసి అడిగేవాణ్ణి కూడా. "నిన్ననే తీస్కున్నవ్ గదా, మల్ల దేనికి?" అని నా నోటితోనే అన్నాను. అన్నప్పుడు నాకు ఎవరూ గుర్తు రాలేదు.

చివరికి మేనేజర్ గడువు పెట్టాడు. ఫలానా శుక్రవారం సాయంత్రం ఐదింటికి తన కళ్ల ముందు ఒక టీము ఎవరి సాయమూ లేకుండా మెషీన్ తీసుకోవాలి. లేదంటే పోర్టల్ మూసేస్తారు. అమ్మాయిని ఇంకెక్కడో వేస్తారు, నన్ను ఇంటికి పంపుతారు. ఇంటికి పోవడం గురించి కాదు నా బాధ. చదువు లేనివాడు ఇది కట్టాడు అనడానికి ఒక్కటైనా మిగలాలి కదా.

ఆ వారమే కంటికి శుక్లం ఆపరేషన్. వాయిదా వేస్తే చూపు పోతుందని డాక్టర్ కసిరాడు. గురువారం చేయించుకున్నాను, శుక్రవారం రెండో కంటితో ఫోన్ నొక్కుదామనే ధీమాతో. కట్టు కట్టాకే తెలిసింది, ఆ కంట్లోనూ శుక్లమే, అక్షరం ఆనదు. పైగా ఫోను చూడకూడదన్నారని మా ఇంటావిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

శుక్రవారం పొద్దుటి నుంచి బీరువాలో ఫోను మోగుతూనే ఉంది. మోగిన ప్రతిసారీ అవతల ఒకరు తెర ముందు నిలబడి ఉన్నట్టు.

"జర తాళం తియ్యి. కొంప మునుగుతుంది" అని బతిమాలాను.

"కన్ను పోయినంక ఏ కొంప జూస్తవ్?" అంది.

మూడింటికి అమ్మాయి ఉప్పల్ నుంచి స్కూటీ మీద వచ్చింది. సాయంత్రానికి సాధన చేద్దామని పొద్దున్నుంచి టీము నొక్కుతుంటే ఒక్క మెషీనూ రాలేదట. గతిలేక నా భాగం మొదటిసారి తెరిచి చూసిందట.

"బాబాయ్, ఇందులో మీ ఫోన్ నంబరెందుకుంది?"

పెద్ద మెషీన్ సంగతి చెప్పాను. వాడకుండా వదిలేస్తే మెషీన్ దానంతటదే వెనక్కి పోయేలా తర్వాత తెర మీదే హద్దు పెట్టాం కదా అంది. నిజమే, పెట్టాం.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఎవరన్న అడగకుంటే ఆయనకు పొద్దుగూకదు బిడ్డా."

అమ్మాయి నవ్వలేదు. "కిటికీ ఉండకూడదని మీరే కదా అన్నారు" అంది. తిట్టినా బాగుండేది.

ఆ మెట్టు తీయాలంటే నా పాస్‌వర్డ్ కావాలి. చెప్పమంటే నోటికి రాలేదు. అది వేళ్లకే తెలుసు. లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టింది. ఒకసారి తప్పు. రెండోసారీ తప్పు. మూడోసారి తప్పితే తాళం పడుతుంది, ఆ రోజుకు అంతే. కనిపించీ కనిపించని కన్ను కూడా గట్టిగా మూసుకుని కొట్టాను.

"వచ్చింది. తీసేయనా బాబాయ్?"

ఏడాది దాచిన మెట్టు అది. "తీసెయ్" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. మా ఆవిడ జాలిపడి ఫోన్ బయటికి తీసి పక్కన కూర్చుంది. పొద్దంతా మోగిన ఫోను ఇప్పుడు మోగడం లేదు. ఐదయింది. దాటింది. పోర్టల్ నడిచినా మోగదు, విసిగి అందరూ వదిలేసినా మోగదు. ఏది నిజమో కట్టు కట్టిన మనిషికి తెలిసే దారేది? కంట్లో నీళ్లు పడనివ్వద్దన్నాడు డాక్టర్. బయటి నీళ్ల గురించే చెప్పాడు.

చివరికి ఒక్కసారి గణగణమంది. మా ఆవిడ కూడబలుక్కుని చదివింది. "ఐదు నిమిషాల్లో వచ్చింది బాబాయ్. ఎవరూ ఎవర్నీ అడగలేదు."

"ఇంకేమన్న ఉందా?"

"లేదు."

"జర మంచిగ సూడు. ఎవరన్న పిలిచిన్రేమో."

చూసింది. "ఎవ్వరు పిలువలే" అని ఫోను నా చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. వెనకటికి బిళ్ళ పట్టుకున్నట్టే దాన్ని పట్టుకుని, అక్కడే కూర్చున్నాను.