పచ్చ వైరు కోసిందెవరు?

నిన్న మధ్యాహ్నం స్కూల్లో ఉండగా వదిన ఫోన్.

"అమ్మీ, మీ అన్నియ్య సర్చిలో పడిపోయేడు. నెగట్లేదు. బేగి రా."

కోరాపుట్ నుంచి రాయగడ వచ్చేసరికి అంతా అయిపోయింది.

మా పెదనాన్న కొడుకు రత్నరాజు. రైల్వేలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్. మా చర్చి గిటారిస్ట్. మహా నోటి దురుసు మనిషి. గిటార్ మోత పెంచే ఆ పాత ట్యూబ్ ఆంప్ మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఇంతెత్తున లేచేవాడు.

ఒకసారి గుడారి సంఘం వార్షికోత్సవంలో ఆ ఆంప్ లోపలి ట్యూబులు మార్చాడు. క్వయర్ అంతా రెడీగా నిలబడ్డాం. పాట మొదలెట్టమని పెద్దల తొందర. అన్నయ్య మాత్రం ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, కుడి చేత్తో స్క్రూ తిప్పుతూ మీటర్ చూస్తున్నాడు. కొత్త ట్యూబుల్లోంచి ఎంత కరెంట్ పోవాలో సెట్ చేయడం. బయాస్ అంటారు.

"బల్బనుకున్నారేటి, మార్చీసి సిచ్చి నొక్కీడానికి? ఆగండెహె!" అని పాస్టర్ గారి మీదే అరిచాడు. ఆయన వెనక్కెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. మాకు నవ్వు ఆగలేదు.

జేబులో చెయ్యి ఎందుకని తర్వాత అడిగాను.

"రెండు సేతులూ పెట్టీసేవంటే కరెంటు గుండిలోంచి పోద్దమ్మీ. ఒకటి జేబులోనే ఉండాల."

అంత జాగ్రత్త మనిషి.

మొన్న అన్నయ్య డ్యూటీలో ఉండగా మనవాళ్ళే కొత్త ట్యూబులు వేసేశారు. బయాస్ చూడలేదు. గుయ్యిమని హమ్. ఎవరో వీడియో చూసి, ఎర్త్ తీసేస్తే హమ్ పోతుందన్నారట. ప్లగ్ విప్పి, లోపల పచ్చ వైరు కోసేసి, మళ్ళీ బిగించేశారు. బయటికి మూడు పిన్నులూ బాగానే కనిపిస్తాయి.

క్వయర్ పిల్లలు ఏడుస్తూ చెప్పారు నాకు. కోసిందెవరో మాత్రం చెప్పరు.

అన్నయ్యకి ఒక్కరూ చెప్పలేదు. ఒక్కరంటే ఒక్కరు!

నిన్న వచ్చి బయాస్ సెట్ చేశాడు. మూత బిగించాడు. ప్లగ్ ఒకప్పుడు తను బిగించిందే కదా, నమ్మాడు. గిటార్ తగిలించుకుని మైక్ పట్టుకున్నాడు. ఆంప్‌లో లీకైన కరెంట్ ఎర్త్‌లోకి పోవాలి. ఆ దారి కోసేశారుగా. తీగల మీది చేతిలోంచి మైక్ మీది చేతికి పోయింది.

గిటార్ వాయించేవాడు ఏ చెయ్యి జేబులో పెట్టుకుంటాడు?

ఈ ఉదయం ఆ ప్లగ్ నేనే విప్పి చూశాను. ఇదేమిటని అడిగితే ఒక సంఘపెద్ద నా తల నిమిరాడు.

"ప్రభువు పిలుసుకున్నాడమ్మా. మనసు పాడు సేసుకోకు."

ప్రభువు మీదకి నెట్టేస్తారా? సిగ్గులేదూ? వైరు కోసింది ప్రభువా?

పైగా ఈ సాయంత్రం అన్నయ్య పోయినందుకు పెట్టే ఆదరణ కూడికకి అదే ఆంప్ పెడతారట. ఆయనకి ఇష్టమని! ఒళ్ళు మండిపోతోంది నాకు. ఇంకొకరు పోవాలా?

ఆ ప్లగ్ కోసి నా బ్యాగులో వేసుకున్నాను. కావలసినవాళ్ళు వచ్చి నన్ను అడగండి.

మన చర్చిలో పాట ఎత్తేది నేనే, తెలుసుగా. ఆ పని చేసిన మనిషి లేచి, వదిన ముందు నిలబడి, "నేనే" అనాలి. అప్పటిదాకా ఎత్తను.

వెళ్ళిరా అన్నయ్యా. నీకు నెమ్మది కలగాలి.

మాకు మాత్రం కలగకూడదు.